అడుగులు కూర్చిందెవరు?

సాయంత్రం అయిదు దాటాక మన కర్నూల్లోనో కడపలోనో నాలుగు వీధులు తిరిగి రండి. ఏదో ఒక మిద్దె మీదనుంచి తాళాల చప్పుడు, దాని వెనకే చిన్నపిల్లల పాదాల చప్పుడు వినబడుతుంది. ర్యాంకులూ సీట్లూ తప్ప ఇంకో మాట వినబడని ఈ రోజుల్లో కూడా ఆడపిల్లల్ని డాన్సుకు పంపించడం మన సీమలో మామూలు విషయమైపోయింది. సంతోషమే! ఒకప్పుడు "మన కొంపల్లో ఈ ఆటలేందే?" అని కసిరిన ఇళ్ళలోనే ఇప్పుడు జేజమ్మలు ముందు వరసలో కూర్చుని, "మా పాప కనపడల్యా, ఆ నిలబడినాయన్ని కూర్చోమను" అంటున్నారు.

పాట అయిపోతుంది. చప్పట్లు కొడతాం. పాట రాసిందెవరో మనకు తెలుసు. అన్నమయ్యో, క్షేత్రయ్యో, సినిమా కవో. పాడిందెవరో తెలుసు. ఆడింది ఎటూ మన పాపే. మరి ఆ ఆట కూర్చిందెవరు? ఏ మాటకు ఏ చేయి లేవాలి, ఎనిమిదిమంది పిల్లలు ఎటునుంచి వచ్చి ఎక్కడ ఆగాలి, ఎక్కడ తాళం ఉరకాలి, ఎక్కడ ఊపిరి బిగబట్టి నిలబడాలి... ఇదంతా ఎవరో ఒకరు రాత్రిళ్ళు కూర్చుని ఆలోచించి కట్టిందే కదా! ఇంగ్లీషువాళ్ళు ఆ మనిషిని కొరియోగ్రాఫర్ అన్నారు. మనం నాట్యాచార్యులన్నాం, నృత్యదర్శకులన్నాం, డాన్సు మాస్టారన్నాం. ఇప్పుడు మన వూళ్ళల్లో ఎక్కువగా వినబడే పేరు 'డాన్సు మిస్సు'. ఆ మిస్సు గురించే నేనీనాడు మాట్లాడదలుచుకున్నది.

మా వూళ్ళో ఒక ప్రైవేటు స్కూలు యానివర్సరీకి కార్డు వేశారు. ముఖ్య అతిథి పేరు, గౌరవ అతిథుల పేర్లు, కరస్పాండెంటు గారి డిగ్రీలతో సహా అన్నీ అచ్చయ్యాయి. చివర్లో 'సాంస్కృతిక కార్యక్రమాలు' అని ఒక్క ముక్క. రెండు నెలలపాటు అరవైమంది పిల్లలకు అడుగు నేర్పిన మనిషి పేరు కార్డులోనూ లేదు, మైకులోనూ లేదు. ఇదేమిటండీ అని ఆఫీసులో అడిగితే వచ్చిన జవాబు ఇది: "ఆయమ్మకు డబ్బులిచ్చినాం కదమ్మా!"

డబ్బులిస్తే పేరు అక్కర్లేదా? పత్రికవాళ్ళు నా కథకు ఎంతో కొంత పారితోషికం పంపిస్తారు. అయినా కథ పైన నా పేరు వేస్తారు. పేరు వేస్తే పారితోషికం ఎగ్గొట్టొచ్చనిగానీ, పారితోషికం ఇస్తే పేరు తీసేయొచ్చనిగానీ ఎవరూ అనుకోరు. మాటలతో కథ కట్టినవాళ్ళకున్న మర్యాద, మనుషుల కాళ్ళతో చేతులతో కథ కట్టినవాళ్ళకు ఎందుకు లేదు?

ఈ మరుపు మన వూరికే పరిమితం కాదులెండి. రష్యావాళ్ళ 'స్వాన్ లేక్' పేరు వినగానే లోకమంతా చైకోవ్‌స్కీ పేరు చెబుతుంది. ఆయన సంగీతం గొప్పదే. కానీ 1877లో మొదటిసారి ఆడినప్పుడు ఆ బ్యాలే నిలదొక్కుకోలేదు. ఆయన చనిపోయాక 1895లో మారియస్ పెతిపా, లెవ్ ఇవానోవ్ అనే ఇద్దరు దానికి కొత్తగా అడుగులు కూర్చారు. ఈనాటికీ ఎక్కువగా ఆడుతున్నది వాళ్ళ కూర్పు ఆధారంగానే. ఆ రెండు పేర్లు మనలో ఎందరు విన్నారు?

అంత దూరం ఎందుకు? 'నాటు నాటు' పాటకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చినప్పుడు మనమంతా పొంగిపోయాం. స్వరం కట్టిన కీరవాణి, పాట రాసిన చంద్రబోస్ బహుమతి అందుకున్నారు. న్యాయమే. కానీ దేశదేశాల్లో జనం అనుకరించింది ఆ అడుగుని. ఆ అడుగు వేయించిన ప్రేమ్ రక్షిత్‌కు ఆ వేదిక మీద బహుమతి లేదు. ఎందుకంటే ఆస్కార్‌లో నృత్యదర్శకత్వానికి విభాగమే లేదు. 1935, 36, 37 సినిమాలకు మూడేళ్ళపాటు ఇచ్చి, తర్వాత ఎత్తేశారు. మన జాతీయ అవార్డుల్లో మాత్రం ఆ విభాగం వుంది కాబట్టి అదే పాటకు ఆయనకు ఆ గౌరవం దక్కింది. చూశారా, విభాగమంటూ ఒకటి వుంటేనే మనిషి కనబడతాడు!

ఇక మన సీమ సంగతి చెబుతాను. "మనది కరువు నేల, మనకూ నాట్యానికీ ఏం సంబంధం?" అనేవాళ్ళు ఈ రెండు ముచ్చట్లూ వినాలి.

మొదటిది పెన్నా ఒడ్డున వున్న సిద్ధవటానిది. పదహారో శతాబ్ది మొదటి సంవత్సరాల మాట. ఆ సీమను ఏలిన సమ్మెట గురవరాజు పన్నులు రాబట్టడానికి ఆడవాళ్ళను, చెప్పడానికి నోరు రాని విధంగా హింసించేవాడు. ఆ దారిన వచ్చిన కూచిపూడి భాగవతులు ఇది చూశారు. నేరుగా విజయనగరం వెళ్ళి వీరనరసింహరాయల ఎదుట కేళిక కట్టారు. ఒకరు గురవరాజు వేషం, ఒకరు ఆడమనిషి వేషం వేసి, ఇక్కడ జరుగుతున్నది జరుగుతున్నట్టు ఆడి చూపించారు. రాయలు విషయం కనుక్కుని సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి శిక్షించాడట. మాచుపల్లి కైఫీయతు చెబుతున్న కథ ఇది. కూచిపూడి కళాకారుల గురించి మనకు దొరుకుతున్న పాత ఆధారాల్లో దీన్నే ముందు చెబుతారు. అంటే మన కడప సీమ ఆడవాళ్ళ కన్నీళ్ళే ఆ కళ చరిత్రలో మొదటి పేజీ! దేవుడి కథలు ఆడే వాళ్ళు అప్పటికప్పుడు ఒక కొత్త కథ కూర్చారే, అదే నా దృష్టిలో అసలైన నృత్య రచన. హింసించినవాడి పేరు చరిత్రలో వుంది. శిక్షించినవాడి పేరు వుంది. ఆ కేళిక కూర్చిన మనిషి ఎవరని అడిగితే మాత్రం "కూచిపూడి వారు" అని చెప్పుకోవాల్సిందే.

రెండోది 1952 నాటి మాట. సీమలో కరువు. గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరిన కాలం. కరువు సహాయ నిధి కోసం మద్రాసులో ఒక నాట్య ప్రదర్శన పెట్టారు. చంద్రలేఖ అనే అమ్మాయి అరంగేట్రం అది. 'మథురా నగరిలో' అనే పాటకు అభినయిస్తోంది. యమునా నది, నీళ్ళలో చెలుల ఆటలు, ఎటు చూసినా జలసమృద్ధి. ఆడుతూ ఆడుతూ వుండగా ఆ పిల్లకు పేపర్లో చూసిన ఫొటోలు గుర్తొచ్చాయి. నోళ్ళు తెరిచిన నేల, డబ్బాలు పట్టుకుని నీళ్ళకోసం నిలబడ్డ మనుషులు. ఎవరి దప్పిక కోసం ఆడుతున్నానో వాళ్ళ దగ్గర చుక్క నీరు లేదు, నేనేమో నీళ్ళు చిలకరించే అభినయం పడుతున్నాను అని ఒక్క క్షణం శిలలా అయిపోయిందట. ఈ సంగతి తర్వాతి కాలంలో ఆవిడే చెప్పుకున్నారు.

ఆ క్షణం ఆవిణ్ణి వదల్లేదు. తర్వాత వేదికకు చాలాకాలం దూరమై రచనలు, పోస్టర్లు, మహిళా వుద్యమాల పనిలో పడ్డారు. 1985లో 'అంగిక'తో తిరిగొచ్చి, భరతనాట్యాన్ని యోగంతో, కేరళ కలరి విద్యతో కలిపి కొత్తదారి వేశారు. వెన్ను వంగిన స్త్రీ నిటారుగా నిలబడటం గురించి 'శ్రీ' కూర్చారు. 2006 డిసెంబరులో పోయేనాటికి, ఈ దేశంలో ఆధునిక నృత్యమంటే మొదట చెప్పుకునే పేర్లలో ఆవిడది ఒకటి. ఆ మార్పుకు బీజం పడింది మన కరువులోనని మన పిల్లలకు ఎవరైనా చెప్పారా? సీమ రాళ్ళలో రత్నాలున్నాయో లేదోగానీ, సీమ దప్పికలోనుంచి ఒక నృత్య దర్శకురాలు పుట్టుకొచ్చిందన్నది మాత్రం నిజం.

ఇంత జరిగిన నేల మీద ఇప్పుడు ఏం జరుగుతోంది? పాత బాణీలనే పిల్లలకు నేర్పిస్తున్నాం. కొత్తగా కూర్చేవాళ్ళు లేరని కాదు, వున్నవాళ్ళకు అది బతుకుదెరువు కాదు.

ఒక్కసారి లెక్క చూద్దాం. డాన్సు మిస్సుకు ఆదాయం అంటే పిల్లల నెల ఫీజులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరిదాకా స్కూళ్ళ యానివర్సరీలు. మార్చిలో పరీక్షలు, క్లాసులు ఖాళీ. ఎండాకాలం సమ్మర్ క్యాంపు. ఎక్కడైనా వుత్సవానికో సభకో పిలిస్తే ఎనిమిదిమంది పిల్లల్ని వ్యానులో వేసుకుని పోవాలి. మేకప్ మనిషికి ఇవ్వాలి. నగలు, జడలు అద్దెకు తేవాలి. పాడేవాళ్ళనూ వాయించేవాళ్ళనూ వెంటబెట్టుకుపోయే తాహతు ఎక్కడిది, పాట పెన్‌డ్రైవులో వుంటుంది. వచ్చిన డబ్బు వ్యానుకూ నగలకూ సరిపోతే అదృష్టం. చాలాసార్లు ఒక శాలువా, ఒక జ్ఞాపిక, "మీకు మంచి అవకాశం ఇచ్చినాం" అనే మాట. ఈ లెక్కలో కొత్తది కూర్చడానికి పట్టిన నెలలకు విలువ ఎక్కడ రాసుకోవాలి? ఆ గడే లేదు.

పేరున్న పెద్దల జీవితాలు చూసినా ఇదే తెలుస్తుంది. వెంపటి చినసత్యంగారు సినిమాల్లో నృత్య సహాయకుడిగా పనిచేస్తూ బతికి, తర్వాత 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. భుజంగరాయశర్మగారి రచన, పట్రాయని సంగీతరావుగారి సంగీతం తోడై 'క్షీరసాగర మథనం', 'చండాలిక' లాంటి నృత్యనాటికలు వచ్చాయి. ఎన్ని వచ్చినా ఆ అకాడమీ నడిచింది పాఠాలు చెప్పడం మీద. ఆనందా శంకర్ జయంత్ గారు రైల్వేలో పెద్ద ఆఫీసరుగా వుద్యోగం చేస్తూనే నృత్యనాటికలు కూర్చారు. 2008లో కాన్సరు వచ్చినా ఆట ఆపలేదు. అలేఖ్య పుంజాల గారు తెలుగు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేస్తూ కూర్చారు. అంటే కూర్పు ఒక చేత్తో, కూడు ఇంకో చేత్తో. రెండు చేతులూ వున్నవాళ్ళు నిలిచారు. ఒక్క చేయే వున్నవాళ్ళ పేర్లు మనకు తెలియకుండానే పోయాయి.

ఇక ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. కూచిపూడి శతాబ్దాలపాటు మగవాళ్ళ కళ. సత్యభామ కూడా మగవాడే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆ గడప దాటించి ఆడవాళ్ళకు నేర్పారు. చినసత్యంగారి దగ్గరికొచ్చేసరికి ఆడపిల్లలే కృష్ణుడూ అయ్యారు, శివుడూ అయ్యారు. మన మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి ప్రపంచమంతా ఆడి, 2024లో కన్నుమూశారు. చినసత్యంగారి శిష్యురాలు శోభానాయుడు 2020లో పోయేలోపు 'విప్రనారాయణ', 'కల్యాణ శ్రీనివాసం', 'విజయోస్తుతే నారీ' లాంటివి తనే కూర్చి చూపించారు. ఆడటం నుంచి ఆడించడందాకా వచ్చారన్నమాట. బ్యాలే పుట్టిన దేశాల్లోనూ ఇదే తంతు. వేదిక మీద ఎక్కువమంది ఆడవాళ్ళు, వేదిక వెనక కూర్చి ఆజ్ఞలిచ్చేది ఎక్కువగా మగవాళ్ళు. వంటింట్లో వండేది మనం, హోటల్లో 'మాస్టర్' అనిపించుకునేది వాళ్ళు. ఇదీ అంతే!

ఆ దేశాల్లో ఒక మేలైన పద్ధతి మాత్రం వుంది. జర్మనీలో వుప్పర్టాల్ అని ఒక పారిశ్రామిక పట్టణం. రాజధానేం కాదు. 1973లో అక్కడి థియేటరు తన బ్యాలే బృందాన్ని పీనా బౌష్ అనే ముప్పయి మూడేళ్ళ స్త్రీ చేతిలో పెట్టింది. మొదట్లో ప్రేక్షకులు తిట్టారు, లేచి వెళ్ళిపోయారు. అయినా ఆవిణ్ణి వుంచుకున్నారు. 2009లో చనిపోయేదాకా ఆవిడ అక్కడే పనిచేశారు. ఈవేళ ఆ పట్టణం పేరు ప్రపంచానికి తెలిసింది ఆవిడవల్లే. కర్నూల్లో మనకు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వుంది. అక్కడ నేర్చుకుని బయటికొచ్చిన పిల్లకు చేతిలో సర్టిఫికెట్ వుంటుంది. ఆ తర్వాత "ఏడాదికి ఒక్క కొత్త నృత్యనాటిక కూర్చమ్మా, నీకు జీతమిస్తాం" అనే సంస్థ ఒక్కటి మన జిల్లాల్లో వుండకూడదా? అది గొంతెమ్మ కోరికా?

ఇంకో సంగతి. మనలో చాలామందికి తెలియదు, చట్టం డాన్సు మిస్సు పక్షానే వుంది. 1957 కాపీరైటు చట్టంలో నాటక రచన అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే నృత్య రచనను కూడా చేర్చారు. షరతు ఒక్కటే, ఆ కూర్పు రాతలోగానీ మరో రూపంలోగానీ స్థిరపడి వుండాలి. హక్కు జీవితకాలమంతా, ఆ పైన అరవై ఏళ్ళు. పక్క రాష్ట్రం కర్ణాటకలో శివరామ కారంత్ గారు యక్షగాన బ్యాలేలు కూర్చి, వాటి హక్కులు వీలునామాలో ఒకావిడకు రాశారు. ఆయన పోయాక ఒక సంస్థ ఆమెను అడక్కుండా ప్రదర్శిస్తే ఆవిడ కోర్టుకెక్కారు. 2009లో సుప్రీంకోర్టు ఆమె హక్కును సమర్థించింది. చదువుకోసం ఆడుకోవడంలాంటి వాటికి చట్టంలో వున్న మినహాయింపులు అలాగే వుంటాయని కూడా చెప్పింది. కాబట్టి పిల్లలు బళ్ళో నేర్చుకోవడం గురించి ఎవరికీ భయం అక్కర్లేదు.

"అడుగులు శాస్త్రంలో వున్నవే కదా, ముద్రలు భరతముని చెప్పినవే కదా, ఇందులో సొంతం ఏముంది?" అంటారు కొందరు. నిజమే, అడుగులు అందరివీ. అఆలు కూడా అందరివే! అఆలు అందరివని నేను రాసిన కథ కింద ఇంకొకరు సంతకం పెడితే నేనూరుకుంటానా? గురుపరంపర అంటే గురువు పేరు చెప్పుకోవడం. గురువు పేరు మింగేయడం కాదు.

ఇన్ని చెప్పాక అసలు మన ఇళ్ళ దగ్గరికి రావాలి. పిల్ల అయిదో క్లాసులో గజ్జె కడుతుంది, తొమ్మిదిలో తీసేస్తుంది. అడిగితే తల్లి చెప్పే మాట ఒక్కటే: "వచ్చే ఏడు టెన్తు కదక్కా, మాన్పించేసినాం." టెన్తు తర్వాత ఇంటరు, ఇంటరు తర్వాత ఇంజనీరింగు, ఆ తర్వాత పెళ్ళి. పెళ్ళిచూపుల్లో "డాన్సు కూడా వచ్చండీ" అని ఒక మాట, ఆల్బంలో అరంగేట్రం ఫొటో. పెళ్ళయ్యాక "ఇంక ఇప్పుడేం ఆటలు?" ఇదీ క్రమం. కూర్చడం అనేది పదిహేనేళ్ళు ఆడాకగానీ అబ్బే విద్య కాదు. తొమ్మిదో క్లాసులో ఆపేసిన పిల్లల్లోనుంచి నృత్య దర్శకులు ఎక్కణ్ణుంచి వస్తారు?

డాన్సు కూడు పెట్టదు అనే తల్లిమాటను నేను కొట్టెయ్యను. పైన లెక్క చెప్పింది నేనే. కానీ ఆనందా శంకర్ జయంత్ గారి బతుకు చెప్పేది కూడా వినాలి. చదువో, ఆటో తేల్చుకోమని ఆవిణ్ణి ఎవరైనా పద్నాలుగో ఏట నిలదీసి వుంటే ఈ రోజు రైల్వేకి ఒక ఆఫీసరు మిగిలేవారేమోగానీ, మనకొక కళాకారిణి మిగిలేవారు కాదు. వారానికి రెండు సాయంత్రాలు అడుగులేసినంత మాత్రాన టెన్తు పోతుందా? ఫోను చూసే గంటలకన్నా అవి ఎక్కువా?

నేనడిగేవి పెద్దవేం కాదు. కార్డులో, మైకులో 'నృత్య రచన: ఫలానా' అని ఒక్క ముక్క. పిలిచినప్పుడు నేర్పినందుకు ఒకటి, కూర్చినందుకు ఒకటి విడివిడిగా పారితోషికం, అదీ ముందే మాట్లాడుకుని. మిస్సులు కూడా తమ కూర్పులను తాళం, అడుగు, కదలిక వివరంగా నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోవాలి. వీడియో తీసి దాచుకోవాలి. మన పేరు మనమే వేసుకోకపోతే ఇంకొకరు వెయ్యరు. ఇక తల్లులు. ఏడాదికొక్కసారైనా "ఈ పాటకు మీరే కూర్చుకోండే" అని పిల్లల్నే వదిలేయమని మిస్సుకు చెప్పండి. వంకరటింకరగానే కూర్చనీండి. మొదటి దోసె ఎవరిది గుండ్రంగా వచ్చింది?

కథలకు కొదవా మనకు? రాజంపేట దగ్గర తాళ్ళపాకలో తిమ్మక్క వుంది. రామాయణం రాసిన మొల్ల వుంది. బిందె చంకనెత్తుకుని మైళ్ళు నడిచిన మన జేజమ్మలున్నారు. సిద్ధవటంలో పన్ను కట్టలేక నలిగిన, పేరైనా తెలియని ఆ ఆడమనిషి వుంది. అయిదువందల ఏళ్ళ కింద ఆమె వేషం మగవాళ్ళు వేశారు, ఆమె కథ మగవాళ్ళు కూర్చారు. వాళ్ళకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఈసారి ఆ కథ ఒక కడప పిల్ల కూర్చాలి. ఆ ప్రదర్శన కార్డు మీద ఆ పిల్ల పేరు ముఖ్య అతిథి పేరుకన్నా పెద్దక్షరాల్లో వుండాలి. ఏమంటారు?